రాతిబూజు

తిన్నెపాలెం సముద్రం ఒడ్డున ఉందని ఎవరైనా అంటే ఆ ఊరివాళ్ళు ఒప్పుకోరు, రెండు సముద్రాల మధ్య ఉందంటారు. చూస్తే అదీ నిజమే. ఉత్తరాన ఏనుగుమెట్ట అనే ఎర్రటి కొండ మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి ఉంటుంది. దక్షిణాన సరుగుడు తోటల దగ్గర మొదలైన ఇసుకతిన్నె ఒకటి ఆ కొండని అందుకోవాలన్నట్టు సన్నగా, పొడుగ్గా సాగుతుంది. తిన్నెకి బయటివైపు బంగాళాఖాతం. నోరు పెద్దది, మర్యాద తక్కువ. లోపలివైపు చిన్న అఖాతం. మడచెట్లు, బురదమేటలు, రెండు గెడ్డలు తెచ్చిపోసే తియ్యనీళ్ళు, పీతలు, పిల్లరొయ్యలు, తాపీగా ఈదే బొంతచేపలు. పటాల్లో దానికి ఎవరో దొర పేరు ఉంది. ఊళ్ళో మాత్రం లోసంద్రం అంటారు. తిన్నె కొసకీ కొండకీ మధ్య మిగిలిన సందు పేరు మొగ. పోటుకి సముద్రం అందులోంచే లోపలికి వస్తుంది, పాటుకి అందులోంచే బయటికి పోతుంది. చేపలూ, పడవలూ, ఊరి బతుకూ అదే దారిన వచ్చిపోతుంటాయి.

ఊరు ఉన్నది ఆ తిన్నె మీద. తిన్నె బుద్ధిగా ఒకచోట కూర్చునే రకం కాదు. ఏటా కాస్త వెనక్కి జరుగుతుంది, దాంతోపాటు ఊరూ జరుగుతుంది. తాతలు నీళ్ళు తోడుకున్న బావి ఇప్పుడు బయటి సముద్రంలో ఉంది. ముందువరస ఇళ్ళు పోయినప్పుడల్లా ఆ కుటుంబాలు తిన్నె మొదట్లో ఉన్న సరుగుడుమెట్ట మీదికి వెళ్ళి పాకలు వేసుకునేవి. ఆ మెట్టని ఎవరో రిసార్టు కడతామని తీసుకుని ముళ్ళకంచె వేశారు. రిసార్టు రాలేదు. కంచె మాత్రం ఏటేటా కొత్త తీగతో నవనవలాడుతూ ఉంటుంది. అలా వెనక్కి జరగడానికి ఊరికి చోటు లేకుండా పోయింది.

సూరాడ పైడితల్లి పుట్టింది ఆ ముందువరసలోనే. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక తుఫానుకి ఇల్లు పోయింది. పిల్లలిద్దర్నీ బయటికి నెట్టి, వల తెస్తానని తల్లి మళ్ళీ లోపలికి వెళ్ళింది. గోడ కూలింది. అక్కని ఆ వైపు అప్ప అంటారు. ఆ తర్వాత పైడితల్లిని పెంచింది అప్ప రాజులమ్మే. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగి చెల్లెల్ని చదివించింది. సముద్రం మీద కోపం ఉన్నవాళ్ళు ఆ ఊళ్ళో ఇంటికొకరు దొరుకుతారు. కోపం కొద్దీ సూక్ష్మజీవుల శాస్త్రం చదివి డాక్టరేటు తెచ్చుకున్నది మాత్రం పైడితల్లి ఒక్కతే. పెద్ద చదువు అయ్యాక ఎక్కడికీ పోలేదు. ఏనుగుమెట్ట కింద మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో తీర పరిశోధన కేంద్రం పెడితే అందులో చేరింది. సముద్రాన్ని నిలేసి అడగాల్సిన లెక్క ఆమెకి ఒకటి ఉంది.

ఏళ్ళ తరబడి ఆమె చేసిన పని చెప్పడానికి చిన్నది. పాత జెట్టీ స్తంభాలకి పట్టిన తెల్లటి పెచ్చులోంచి కంటికి కనపడని ఒక జీవిని వేరుచేసింది. దానికి ఉప్పునీళ్ళు ఇచ్చి, ఇసుక ఇచ్చి, గాజుతొట్టిలో మోటారుతో కెరటాలు పుట్టించి పెంచింది. మొదట్లో అన్నీ చచ్చాయి. తర్వాత బతికాయి గాని ఏమీ చేయలేదు. ఒక మధ్యాహ్నం రాజులమ్మ క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి పైడితల్లి తొట్టి ముందు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. మోటారు ఆగిపోయింది. కెరటాన్ని తోసే చెక్కపలక రెండు ముక్కలై నీళ్ళలో తేలుతోంది.

కూరగరిటెతో ఆ ఇసుకని పొడిచి చూడమంది పైడితల్లి. రాజులమ్మ పొడిచింది. కాస్త దిగింది. మళ్ళీ పొడవమంది. ఈసారి కొన మాత్రమే దిగింది. ఇంకాస్త గట్టిగా కొట్టమంటే రాజులమ్మ విసుగ్గా చెయ్యెత్తి కొట్టింది. గరిటె ఖంగుమని వంగింది. కెరటం ఎంత బలంగా కొడితే ఆ జీవి నీళ్ళలోని సున్నాన్ని అంత వేగంగా లాక్కుని ఇసుక రేణువుల్ని అంత గట్టిగా అతికిస్తుందన్న సంగతి, ఆ ఐసు ఫ్యాక్టరీలో అప్పటికి ఆ ఇద్దరికే తెలుసు.

"రాతికి బూజు పట్టడం సూసేను గాని, బూజే రాయవడం ఇప్పుడే సూస్తన్నాను," అంది రాజులమ్మ, వంగిన గరిటెని తిప్పితిప్పి చూస్తూ. పరిశోధన కేంద్రం దానికి తర్వాత ఒక గంభీరమైన సంస్కృతం పేరు పెట్టింది. ఆ పేరు బోర్డు మీదే మిగిలింది. జనం నోట అది రాతిబూజు అయింది.

తిన్నె బయటివైపు పొడుగునా రాతిబూజు చల్లారు. ఆ ఏడాది వాయుగుండం వచ్చింది, కెరటాలు తాడిచెట్టంత లేచాయి, ఎంత కొడితే తిన్నె అంత బిగిసింది. తెల్లారేసరికి ముందువరసలో ఒక్క ఇల్లూ పోలేదు. పైడితల్లి ఒంటరిగా ఒడ్డుకి వెళ్ళి, గట్టిపడిన ఇసుక మీద మడమతో తన్ని, సముద్రానికేసి చూసి ఉమ్మింది. చదువుకున్న మనిషి చేయాల్సిన పని కాదు. కాని ఆమెకి ఆ రోజు తల్లి గుర్తుకొచ్చి కడుపులో ఏదో చల్లబడింది. కేంద్రం డైరెక్టరు చక్రపాణి మంచిమనిషి, తీరం మీద మునుగుతున్న ఊళ్ళ కోసం నిజంగా బాధపడేవాడు. ఆయన ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇక ఒక్కొక్క ఊరికీ చల్లుకుంటూ పోదామన్నాడు. రాజులమ్మ తాటాకు కప్పు తీసేసి, ఇటుక గోడలు లేపి, రేకులు వేయించి, గుమ్మానికి పసుపు రాసింది. ముందువరసలో ఇటుక గోడ లేవడం ఊరి చరిత్రలో అదే మొదటిసారి.

మొగ జోలికి మాత్రం పైడితల్లి పోలేదు. తిన్నె కొస చాలా దూరంగా ఉండగానే కొయ్యలు పాతి, అక్కడితో ఆపమంది. మొగ మూసుకుంటే ఏమవుతుందో ఆ ఊరి పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రయోగశాలలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా చెప్పులు మందునీళ్ళలో ముంచి గాని అడుగు తీయదు. అంత జాగ్రత్త మనిషి చేసిన తప్పు, ఆ ఊళ్ళో పుట్టని వాళ్ళెవరూ చేయలేరు.

ఎండాకాలం చివర్న బయటి సముద్రం ఇసుక తెచ్చి మొగలో మేట వేస్తుంది. వానలకి ముందు ఊరంతా వెళ్ళి పారలతో ఆ మేట తవ్వి మొగ తెరుస్తారు. మొగ కొట్టడం అంటారు దాన్ని. తవ్వే ముందు ఇంటికో ఆడమనిషి తన వాకిట్లోని ఇసుక గంపకెత్తుకుని పోయి మొగలో బోర్లిస్తుంది. గంగమ్మా, మా వాకిలి నీకు ఇచ్చేసేం, ఇంక మా ఇంటి జోలికి రాకు అని మొక్కడం. సముద్రంతో బేరం అన్నమాట. ఆ ఏడాది మొదటి గంప పైడితల్లి చేత పోయించాలని ఊరు ముచ్చటపడింది. కొత్త చీర పెట్టి, బొట్టు పెట్టి, డప్పులతో నడిపించారు. అప్ప వాకిట్లోని ఇసుకే గంపకెత్తారు. ఆ వాకిళ్ళ నిండా అప్పటికి రాతిబూజు ఉందని తెలిసిన మనిషి భూమ్మీద ఒకతే, ఆ గంప ఆమె నెత్తి మీదే ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని కనుక బుర్ర అడ్డం పడలేదు. చేతులు తమంతట తాము బోర్లించాయి. ఆమె వెనక ఊరి గంపలన్నీ వరసగా బోర్లాపడ్డాయి.

ఆ వానాకాలం మొగ కాస్త ఇరుకైందన్నారు. చలికాలంలో పెద్ద పడవలు ఒరుసుకుంటున్నాయన్నారు. మళ్ళీ ఎండాకాలం వచ్చి, మేట పడి, ఊరు పారలు పట్టుకుని వెళ్ళింది. రాజులమ్మ మొగుడు గురువులు మొదటి పార వేశాడు. పార ఖంగుమంది. గునపం తెచ్చాడు. గునపం ఎగిరి వెనక్కి వచ్చింది. నలుగురు కలిసి కొట్టారు, పదిమంది కలిసి కొట్టారు, ఏటా చేసేదాని కన్నా పట్టుదలగా కొట్టారు. పైడితల్లి కొండ కిందనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టడం ఆపమని అరిచేసరికి అందరికీ అరిచేతులు బొబ్బలెక్కాయి, మేట పలకరాయి అయింది.

ఆమె కిందికి చూసింది. పలకలో ఒకచోట చిన్న చిన్న బొడిపెలు వరసగా లేచి ఉన్నాయి, ఒక్కొక్కటి గంప బోర్లించిన ఆకారంలో, గంప అల్లిక గుర్తులతో సహా. మొదటి బొడిపె ఎవరిదో ఆమెకి తెలుసు. దాని పక్కనే కూలబడిపోయింది. ఏమైందని అప్ప అడిగితే చెప్పింది, దాచలేదు. ఊరు వింది. తిట్టినవాళ్ళు తిట్టారు. ఎక్కువమంది తిట్టలేకపోయారు, ఎవరి గంప వాళ్ళకి కనిపిస్తూనే ఉంది.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పైనుంచి పొక్లెయిన్లు పంపించారు. కొట్టొద్దని పైడితల్లి చెబుతూనే ఉంది. పొక్లెయిన్లు కొట్టాయి, పళ్ళు ఊడగొట్టుకుని వెళ్ళిపోయాయి. మందుగుండు పెట్టి పేల్చారు, రాయి ఇంకాస్త బిగిసింది. ఈలోగా లోసంద్రానికి పోటూ పాటూ లేకుండా పోయాయి. నీళ్ళు కదలడం మానేసి ముందు పచ్చబడ్డాయి, తర్వాత జిగురెక్కాయి. బొంతచేపలు ఒడ్డుకొచ్చి నోళ్ళు తెరిచాయి. పీతలు మడచెట్లెక్కి కూర్చుని అక్కడే ఎండిపోయాయి. పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒకాయన ముక్కుకి రుమాలు కట్టుకుని, ఇదంతా మంచినీటి సరస్సు అవుతుంది, బోటింగు పెట్టుకోవచ్చని సెలవిచ్చి వెళ్ళాడు.

వానలు మొదలయ్యాయి. రెండు గెడ్డలూ ఎర్రనీళ్ళు తెచ్చి లోసంద్రంలో పోస్తున్నాయి, బయటికి దారి లేదు. ఎప్పుడూ ముందునుంచి వచ్చే నీళ్ళు ఈసారి ఊరి వెనకనుంచి వచ్చాయి. వెనకవరస ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి. ఇంకో పెద్ద వాన పడితే తిన్నె మీద నిలబడే చోటు ఉండదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. రాతిబూజుని తినేది ఒకటి ఉంది, దానికన్నా ఇంకా చిన్నది. జెట్టీ పెచ్చులోనే దాని పక్కనే దొరికింది. పైడితల్లి దాన్ని వేరుగా చలిగదిలో పెంచుతోంది. గాజుతొట్టిలో రాయైన ఇసుక మీద ఒక మూల ఒక్క చుక్క వేసి చూసింది ఒకసారి. ఆ మూల పాలల్లో నానిన బిస్కెట్టులా విడిపోయింది. అక్కడితో ఆగలేదు. ఆమె అన్నం తిని వచ్చేలోగా తొట్టి మొత్తం వదులు ఇసుక అయింది. విడుపు అని పిలుచుకునే దీనికి కూడా సంస్కృతం పేరు పెట్టాలనుకున్నారు గాని, చక్రపాణి దాన్ని చలిగదిలో అడుగున పెట్టించి తలుపుకి తాళం వేయించాడు.

ఆయన్ని అడగడానికి వెళ్ళింది పైడితల్లి. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. విడుపు మొగతో ఆగదు, తిన్నె పొడుగునా పాకుతుంది, ముందువరస అంతా మళ్ళీ వదులు ఇసుక అవుతుంది. అక్కడితోనూ ఆగదు. సముద్రంలో కలిసిందంటే ఈ తీరంలో ఇంకెక్కడా రాతిబూజు నిలవదు. ఎదురుచూస్తున్న ఊళ్ళన్నిటికీ మొండిచెయ్యి చూపించినట్టే. తిన్నెపాలెం జనాన్ని లోపలెక్కడో కాలనీ కట్టి అక్కడికి తరలిద్దామన్నాడు. ఒక్క అఖాతం పోతే పోయింది, తీరం మొత్తం నిలబడుతుంది కదా అన్నాడు. చెబుతున్నప్పుడు ఆయన గొంతు బాధతోనే ఉంది.

"ఏ ఊరికి మొగ లేదు సార్?" అంది పైడితల్లి. "ఏ ఊరి ఆడవాళ్ళు సముద్రంలో ఏదో ఒకటి బోర్లించరు? ఈ ఊళ్ళో పుట్టి, దీన్ని పుట్టించిన నాకే తట్టలేదు. రేపు వాళ్ళకి ఎవరు చెబుతారు?"

కొయ్యలు ఇంకాస్త దూరంగా పాతుదామన్నాడాయన. ఆమె లేచి వచ్చేసింది. ఆ సాయంత్రమే చలిగది తాళం మార్చారని, మొగ దగ్గర పోలీసుల్ని పెట్టారని తెలిసింది. అంటే ఆయనకి ఆమె ఏం చేయబోతోందో ఆమెకన్నా ముందే అర్థమైంది.

నిజానికి ఆమె ఇంకా తేల్చుకోలేదు. తన చేతులతో చేసిన ఒకే ఒక్క పెద్ద పని అది. అది పోతే ఇన్నేళ్ళ బతుకులో చూపించడానికి ఏమీ మిగలదు. అంతకన్నా పెద్ద ముల్లు ఇంకోటి గుచ్చుకుంటోంది. మర్నాడు పొద్దున్న అప్ప ఇంటికి వెళ్ళింది. పెరట్లోకి లోసంద్రం నీళ్ళు వచ్చి ఉన్నాయి. రాజులమ్మ ఎండుచేపల మూటలు మంచం మీదికి ఎక్కిస్తోంది. గురువులు రేకుల మీద తడిసిన వల ఆరబెడుతున్నాడు. పైడితల్లి గుమ్మంలో నిలబడి, విడుపు పోస్తే మొగ తెరుచుకుంటుందనీ, ఈ ఇల్లు పోతుందనీ చెప్పింది.

రాజులమ్మ మూట కింద పడేసింది. "మరేల కట్టుకోనిచ్చినావే?" అంది. పసుపు గుమ్మం, ఇటుక గోడ, ఒక్కొక్కటే చూపించి తిట్టింది. సంతల్లో గంప మోసిన మెడ చూపించి తిట్టింది. అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని ఏడ్చింది. తిట్లు అయిపోయాక రాజులమ్మ పెరటి తలుపు తీసి, ఆ పచ్చనీళ్ళలో చెయ్యి పెట్టి వాసన చూసుకుంది. చాలాసేపు అలాగే గట్టు మీద కూర్చుంది. లేచేసరికి ఆమె మొహం మారింది.

"అమ్మ పోనాదని నువ్వు సంద్రం మీద పగ పట్టినావు పైడీ. నాను పట్టనేదు. నాకు దాంతోటి పనుంది," అంది. "ఇల్లు పోతే నాను మల్లా కట్టుకుంటాను. లోసంద్రం పోతే నువ్వు కడతావేటి?"

ఆ మాట వాకిలి వాకిలీ పాకింది. ఆ ఊళ్ళో ఇంకెవరినీ అడగాల్సిన పని రాలేదు. మధ్యాహ్నానికల్లా ముందువరస ఆడవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు వచ్చి, తమ ఇళ్ళలోంచి ద్వారబంధాలు తీయడం మొదలుపెట్టామని చెప్పి వెళ్ళారు. కొందరు చెప్పలేదు, తలుపులు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ ఇళ్ళకి మిగతావాళ్ళే వెళ్ళి సామాను దించారు.

చలిగదికి కొత్త తాళం వేశారు గాని, ఆ ఐసు ఫ్యాక్టరీకి పాతకాలపు ఐసు దిమ్మలు జార్చే రేకు కిటికీ ఒకటి ఉందని కేంద్రంవాళ్ళు ఎన్నడూ పట్టించుకోలేదు. గురువులు కుర్రతనంలో అక్కడ ఐసు మోశాడు. పట్టపగలు, వాన వెలిసిన ఎండలో, పైడితల్లి ఆ కిటికీలోంచి లోపలికి దిగి రెండు క్యాన్లు అందించింది, గురువులు అందుకున్నాడు. వాచ్‌మన్ చూశాడు. ఏమ్మా అని అడిగాడు. విడుపు తీసుకెళ్తున్నానని పైడితల్లి చెప్పింది. అతను ఫోన్ తీయడానికి లోపలికి వెళ్ళాడు, చాలా నెమ్మదిగా వెళ్ళాడు.

పోలీసులు మొగకి తిన్నె వైపు కాపలా ఉన్నారు. గురువులు పడవని లోసంద్రం మీదుగా నడిపాడు. నీళ్ళు అంతెత్తున నిండి ఉండడంతో పడవ నేరుగా రాతిమేట అంచుకే వచ్చి ఆనుకుంది. రాజులమ్మ, వద్దన్నా వినకుండా, పడవలో చెల్లెలి పక్కన కూర్చుంది. వీళ్ళు మేట ఎక్కుతుండగా జీపు వచ్చింది, చక్రపాణి దిగి పరుగెత్తుకొచ్చాడు. ఎస్సై లాఠీతో అడ్డంగా నిలబడ్డాడు. అప్పటికి తిన్నె మీదినుంచి ఊరంతా నడిచి వచ్చింది. ఎవరూ రాళ్ళు తీయలేదు, గొడవ పడలేదు. ఆడవాళ్ళు వచ్చి పోలీసులకీ పైడితల్లికీ మధ్య, ఆ గంపల బొడిపెల మీద, ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు.

చక్రపాణి ఆమెని పేరు పెట్టి పిలిచాడు. ఇన్నేళ్ళ పని ఇది, మళ్ళీ చేయలేవు అన్నాడు. నిజమేనని ఆమెకి తెలుసు. మూత మీద చెయ్యి వేసి ఆగింది. రాజులమ్మ క్యాను కోసం చెయ్యి చాపింది.

"ఒగ్గీ అప్పా," అంది పైడితల్లి, క్యాను తనవైపు లాక్కుంటూ. "ఇది నానే సెయ్యాల."

మూత తీసి పోసింది. నీళ్ళలాంటి నీళ్ళు, రంగు లేదు, వాసన లేదు. రాయి మీద తడి మచ్చలా పాకింది. రెండో క్యాను కూడా ఖాళీ చేసి, దాన్ని బోర్లించి అడుగు తట్టింది. ఏమీ జరగలేదు. ఎస్సై నవ్వబోయాడు. పోలీసులు ఆమెని స్టేషనుకి తీసుకెళ్ళారు, ఏ సెక్షను కింద రాయాలో తెలియక ఆ సాయంత్రమే పంపించేశారు.

మర్నాడు పోటు వేళకి మేట మెత్తబడింది. గురువులు బొటనవేలు పెడితే దిగింది. ఊరు పారలు తెచ్చేలోగా నీళ్ళే పని మొదలుపెట్టాయి. ముందు ఒక చారలా కారి, చార గండి అయి, గండి ఒక్కసారి విచ్చుకుంది. ఇన్నాళ్ళు ముక్కిపోయిన పచ్చనీళ్ళు హోరుమంటూ బయటి సముద్రంలోకి దూకాయి. ఒడ్డున నిలబడ్డ జనం వెనక్కి పరుగెత్తారు, పరుగెత్తుతూ నవ్వారు. మొగ అంత వెడల్పుగా తెరుచుకోవడం ముసలివాళ్ళు కూడా చూడలేదు. నీళ్ళు దిగిపోయాక మళ్ళీ పోటు వచ్చింది, నీలంగా, నురగలతో, ఉప్పు వాసనతో. పైడితల్లి మోకాళ్ళ లోతు దాకా దిగి నిలబడింది. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళని చూస్తే పళ్ళు కొరికిన మనిషి, ఆ రోజు అవి కాళ్ళకి తగులుతుంటే భోరుమని ఏడ్చింది. అవి గెలిచినందుకూ ఏడ్చింది, వచ్చినందుకూ ఏడ్చింది.

అన్నట్టే విడుపు ఆగలేదు. తిన్నె పొడుగునా రాయి రోజుకింత ఇసుకలోకి దిగిపోయింది. ముందువరస ఇళ్ళు ఖాళీగా నిలబడి తమ వంతు కోసం చూశాయి. రాజులమ్మ ఇల్లు కూలినప్పుడు మిగిలింది ఇటుక గోడలే. రేకులు, కిటికీ చువ్వలు అప్పటికే బళ్ళకెక్కాయి. ఆమె బాగా ఏడ్చింది. ఏడుస్తూనే, పసుపు గుమ్మాన్ని నేల మీద ఈడ్చి తీసుకెళ్తున్నందుకు మొగుణ్ణి దుమ్మెత్తిపోసింది.

బళ్ళన్నీ సరుగుడుమెట్టకే నడిచాయి. కంచె తీగలు కోసి, చుట్టలు చుట్టి ఒకపక్క పద్ధతిగా పెట్టారు. ఇంటికింత అని తాళ్ళతో గీతలు గీసుకున్నారు. రెండోసారి జీపు వచ్చింది ఆ మెట్ట మీదికే. చక్రపాణి, ఎస్సై, ఈసారి తాసిల్దారు కూడా. రాజులమ్మ కొత్త పాకకి రాట పాతుతున్నారు అప్పుడు. పైడితల్లి రెండు చేతులతో రాట పట్టుకుని నిలబడి ఉంది, గురువులు గోతిలో రాళ్ళు వేసి గునపంతో కూరుతున్నాడు. చక్రపాణి ఆమెతో విడిగా మాట్లాడాలన్నాడు. రాట వదిలితే పడిపోతుంది కనుక, ఆయన ఏకాంతంగా చెప్పదలచుకున్నది అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది.

విచారణ వేశారన్నాడు. క్యాన్లు తరలిస్తుంటే పొరపాటున ఒలికాయని చెబితే చాలన్నాడు. ఉద్యోగం ఉంటుంది, ఇంకో ప్రయోగశాలలో చోటు ఉంటుంది, విడుపుకి లొంగని కొత్త రాతిబూజుని పెంచవచ్చు. నీలాంటి మనిషి ఒక పాక రాట పట్టుకుని నిలబడడం చూడలేకపోతున్నానన్నాడు. ఆ మాట మనసులోంచే వచ్చింది. పైడితల్లికి గాజుతొట్టి కళ్ళముందు కదిలింది. మోటారు చప్పుడు చెవుల్లో వినిపించింది. రాటని ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"పొరపాటు నేను మొగలో గంప బోర్లించినప్పుడు చేశాను సార్," అంది. "క్యాన్లు తెలిసే బోర్లించాను. మీ విచారణలో రెండూ రాసుకోండి, వేరువేరుగా రాసుకోండి."

ఆయన తల వంచుకున్నాడు. తాసిల్దారు గొంతు సవరించుకుని, ఈ మెట్ట మీద పాకలు వేయడానికి ఎవరి అనుమతి తీసుకున్నారని అడిగాడు. ఎవరూ పని ఆపలేదు. రాజులమ్మ కొడవలితో తాటాకు చీలుస్తూనే, తల ఎత్తకుండా చెప్పింది.

"సంద్రం ఎవుల్ని అడిగి జరిగింది బాబూ? అది జరిగింది, మేవూ జరిగేం. కాయితం కావాలంటే ముందు దాని కాడ రాయించుకు రండి."

ఈసారి సెక్షను రాసుకునే వచ్చానని చెప్పి ఎస్సై పైడితల్లిని జీపెక్కమన్నాడు. ఎక్కుతానంది. ముందు రాట నిలబడనివ్వమంది. గురువులు ఇంకో రాయి వేసి గునపం ఎత్తాడు, తొందరేమీ పడలేదు. ఎస్సై కాసేపు చూసి, టోపీ తీసి, జీపుకి ఆనుకున్నాడు. రాట నిలబడేదాకా జీపు కదల్లేదు.